ఫర్నేస్ దగ్గర మనం, మైక్రోస్కోప్ దగ్గర వాళ్లు

మొన్న మా పక్క ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. పీజీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్‌లో ఏ స్పెషలైజేషన్ పెట్టుకోవాలో తేల్చుకోలేకపోతున్నాడు. "అన్నా, అందరు ఆర్గానిక్ తీస్కోమంటున్నరు. మెటీరియల్స్ కెమిస్ట్రీ అంటే ఏం నౌకరి వస్తదని ఇంట్ల అడుగుతున్నరు. నువ్వు అదే చదివినవ్ గద, నన్నేం జెయ్యమంటవ్?"

ఇంట్లో వాళ్లు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే ఆర్గానిక్, ఆర్గానిక్ అంటే ఫార్మా కంపెనీ. జీడిమెట్లో, పాశమైలారమో, పరవాడో. షిఫ్టు డ్యూటీ అయినా సరే, నెల తిరిగితే జీతం. కూలికి పోయే ఇంట్లో ఆ జీతాన్ని కాదనుకుని ఇంకో దారి పట్టాలంటే గుండె నిబ్బరం కావాలి. నాకు ఆ నిబ్బరం ఉండి ఈ సబ్జెక్టు తీసుకున్నానని చెప్పను. ఆర్గానిక్ సీటు దొరకలేదు, ఇది దొరికింది. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను.

తీసుకోమనే చెప్పాను. కానీ బస్సులో ఉండి చెప్పిన ఆ ఐదు నిమిషాల మాటల్లో అసలు సంగతి చెప్పలేకపోయాను. ఈ ఏడాది ఇలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా చాలామంది ఈ కోర్సులో చేరతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మెటీరియల్స్ కెమిస్ట్రీ మూలసూత్రం చిన్నదే. పదార్థం లోపల పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో దాన్నిబట్టి అది గట్టిదా, మెత్తదా, కరెంటును పోనిస్తుందా, వెలుగునిస్తుందా అన్నది తేలుతుంది. పెన్సిల్ ముల్లూ వజ్రమూ రెండూ కార్బనే అని బడిలో చదువుకున్నదే. ఎమ్మెస్సీలో మొదట స్ఫటికాలు, వాటిలోని లోపాలు, బ్యాండ్ థియరీ, పాలిమర్లు చెప్తారు. తర్వాత తయారీ పద్ధతులు: సోల్-జెల్, హైడ్రోథర్మల్, ఫర్నేస్‌లో కాల్చి తీసేవి. ఆ తర్వాత తయారైనదాన్ని చూసే పరికరాలు: ఎక్స్‌ఆర్‌డీ, సెమ్, టెమ్. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు. కెమిస్ట్రీ నోబెల్ 2019లో లిథియం అయాన్ బ్యాటరీకి, 2023లో క్వాంటం డాట్లకు, 2025లో మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లకు వచ్చింది. మూడూ ఈ పాఠాల్లోవే. కాబట్టి "దీనికి భవిష్యత్తు ఉందా" అన్న సందేహం అక్కర్లేదు. ఆ భవిష్యత్తులో మనకు చోటు ఎక్కడ అన్నదే నా ప్రశ్న.

మా తాత పనిచేసిన లంద నేను పుట్టేనాటికే పూడిపోయింది. కానీ ఆయన చెప్తుంటే విన్నాను. పచ్చి తోలును ముందు సున్నం నీళ్లలో నానబెట్టాలి, వెంట్రుకలు వదులయ్యేదాకా. రంపెతో గీకాలి. సున్నం పోయేదాకా కడగాలి. తర్వాత తంగేడు చెక్క నానిన నీళ్లలో వేసి రోజుల తరబడి తిరగెయ్యాలి. చెక్కలో సారం పోతే కొత్త చెక్క వెయ్యాలి. చివర కరక్కాయ నీళ్లు. ఏ రోజు తియ్యాలో తోలును వేళ్లతో నొక్కి, వాసన చూసి చెప్పేవాడట.

పాలిమర్ల పేపర్‌లో క్రాస్ లింకింగ్ పాఠం వచ్చిన రోజు నాకు ఆ లంద గుర్తొచ్చింది. తోలులో ఉండేది కొల్లాజెన్, మూడు పేటల తాడులా పెనవేసుకున్న ప్రొటీన్. పచ్చి తోలును నీళ్లలో వేడిచేస్తే 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుపోతుంది. తంగేడు చెక్కలోని టానిన్లు ఆ తాళ్ల మధ్యకు చేరి వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతాయి. అప్పుడది కుళ్లదు, 80 డిగ్రీల దగ్గరిదాకా తట్టుకుంటుంది. క్రోమియం లవణాలతో ఊనితే మరిగే నీళ్లకు కూడా ఓర్చుకుంటుంది. మెటీరియల్స్ కెమిస్ట్రీ అంటే ఇదే కదా! మా సిలబస్‌లో రబ్బరు వల్కనైజేషన్ ఉంది. తోలు ఊనడం లేదు. దేశంలో దాని మీద పరిశోధన లేక కాదు. మద్రాసులో సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1948 నుంచి ఉంది. దానికి పేరు తెచ్చిన డైరెక్టర్ నాయుడమ్మ తెలుగువాడే. అయినా ఆ పాఠం మా క్లాసురూముదాకా రాలేదు.

మన పూర్వీకులే తొలి శాస్త్రవేత్తలు అని సభల్లో చప్పట్లు కొట్టి అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చదు. తాత వేళ్ల సందులు సున్నానికి ఒరిసి పుండ్లయ్యేవి. ఆయన కూర్చుని లేచిన చోట నీళ్లు చల్లుకునేవాళ్లు. ఆ పని తన కొడుకుకు వద్దనే మా నాన్నను బడికి పంపాడు. తాత చేతులకు 'ఎట్లా' అన్నది తెలుసు. 'ఎందుకు' అని అడిగే చదువు ఆయనకు అందకుండా చేశారు. ఆ చదువు ఉన్నవాళ్లు తోలు ముట్టుకోరు. అటు చెయ్యి, ఇటు ప్రశ్న. మధ్యలో కులం.

ఈ మాట నా సొంతం కాదు. బెంగాల్ రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902, 1909లలో రెండు సంపుటాలుగా హిందూ రసాయన శాస్త్ర చరిత్ర రాశాడు. ఈ దేశంలో శాస్త్రదృష్టి ఎందుకు క్షీణించిందో అందులో ఆయన చర్చించాడు. వృత్తివిద్యలను కింది కులాలకు వదిలేసి, చదువుకున్న కులాలు చేతిపనికి దూరం కావడంతో, కార్యకారణాలను వెతికే అలవాటే పోయిందన్నది ఆయన వాదన. ప్రాచీన భారతంలో అన్నీ ఉన్నాయని చెప్పుకునేవాళ్లు రాయ్ పుస్తకాన్ని గొప్పగా చూపిస్తారు. ఆ అధ్యాయం మాత్రం తెరవరు. 1936లో బాబాసాహెబ్ కులనిర్మూలనలో ఇంకో అడుగు ముందుకేసి, కులం పనిని కాదు, పనిచేసే మనుషులనే విడగొట్టి మెట్ల మీద పేర్చిందని తేల్చి చెప్పాడు.

రాయ్ చెప్పినదానికి మన తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు కాచేవాళ్లు. ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. మన దేశం నుంచి వెళ్లిన ఈ రకం ఉక్కును, అంటే ఊట్జ్‌ను, 1819 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే విశ్లేషించాడు. ఆ ఫారడే తండ్రి కూడా కమ్మరే. కుర్రవాడు పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనిచేస్తూ, బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలు చదువుతూ ప్రయోగశాలదాకా వెళ్లాడు. ఇంగ్లండులో వర్గభేదం లేదని కాదు. కానీ కమ్మరి కొడుకుకు ల్యాబ్ తలుపు ఒక్కసారైనా తెరుచుకుంది. కోనసముద్రం కమ్మరి కొడుకుకు ఆ తలుపు ఎక్కడుందో కూడా తెలియదు.

ఇప్పుడు తలుపు తెరిచే ఉంది కదా, రిజర్వేషన్ ఉంది కదా అంటారు. లోపలికి వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను.

నేను చదివిన డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడమే. కెమికల్స్ వచ్చిన ఏడాది సార్ ముందు నిలబడి చేసి చూపించేవాడు, మేం ముప్పైమందిమి చుట్టూ నిలబడి చూసేవాళ్లం. ఎమ్మెస్సీకి వచ్చాక పిపెట్ సరిగా పట్టుకోవడం రాలేదని నవ్వినవాళ్లు ఉన్నారు. అది సరే, నెల రోజుల్లో నేర్చుకున్నాను. నేర్చుకుంటే పోయేది పెద్ద కష్టం కాదు.

అసలు కష్టం ప్రాజెక్టు దగ్గర మొదలైంది. ఎవరు ఏ ప్రొఫెసర్ దగ్గర చేయాలన్నది మా డిపార్ట్‌మెంట్‌లో కాగితం మీద ఉండేది కాదు. "వెళ్లి మాట్లాడుకోండి" అనేవాళ్లు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత ఊరికే పుట్టలేదు. కొందరికి ఆ మాట్లాడుకోవడం మూడో సెమిస్టర్ మొదలు కాకముందే అయిపోయింది. నేను తలుపు కొట్టిన చోటల్లా మొదటి ప్రశ్న "ఎంట్రన్స్‌లో ర్యాంకెంత?" ఎమ్మెస్సీ రెండు సెమిస్టర్ల మార్కులు ఎదురుగా ఉన్నా రెండేళ్ల కిందటి ర్యాంకు ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. కులం పేరెత్తకుండా కులం కనుక్కునే పద్ధతి అది.

చివరికి ఒక ల్యాబ్ దొరికింది. మొదటి మూడు వారాలు క్రూసిబుల్స్ కడిగాను. కడగడం చిన్నతనమని నేను అనను. మురికి క్రూసిబుల్‌లో మంచి శాంపిల్ రాదు, ఆ పని అందరూ చేయాల్సిందే. మరి నాతోపాటే చేరిన ఇంకో విద్యార్థి చేతికి బ్రష్ ఎందుకు రాలేదు? పగలు ఫర్నేస్ సీనియర్ల కోసం. నాది రాత్రి. 600 డిగ్రీలకు నెమ్మదిగా ఎక్కించి, ఐదు గంటలు ఉంచి, చల్లారేదాకా కాపలా. శాంపిల్ నాది. దాన్ని టెమ్ కింద చూసే రోజు వస్తే "నీకెందుకు, వాళ్లు చేయించుకొస్తారులే" అన్నారు. ఎక్స్‌ఆర్‌డీ ఫలితం కూడా నాకు ప్రింటు తీసిన బొమ్మగానే చేరింది. అంకెలున్న ఫైలు నా చేతికి ఇవ్వలేదు.

ఫైలు లేకపోతే ఏమవుతుంది? బొమ్మ ఉంటే 'వచ్చింది' అని రాసుకోవచ్చు. ఫైలు ఉంటే లెక్క కట్టొచ్చు, అనుమానించొచ్చు, మళ్లీ అడగొచ్చు. చేతికి ప్రశ్నను దూరం చేయడమంటే ఇదే. తాత లంద దగ్గర జరిగిందే, ఏసీ గదిలో.

ఆ పరికరం నడిపే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగిని బతిమాలాను. ఆయన ఎవరో, ఏమిటో నేను అడగలేదు. "నీ శాంపిలే కదా బాబూ" అని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. హాస్టల్‌లో స్నేహితుడి ల్యాప్‌టాప్ తీసుకుని గ్రాఫ్ గీశాను. 26.6 దగ్గర ఒక శిఖరం, 33.9 దగ్గర ఇంకోటి, 51.8 దగ్గర మూడోది. టిన్ ఆక్సైడ్! వెడల్పు కొలిచి షెరర్ సమీకరణంలో వేస్తే కణం పరిమాణం 14 నానోమీటర్లు వచ్చింది. రాత్రి రెండు గంటలకు లేచి నాన్నకు ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. ఏమని చెప్పాలి?

ఆ పని మీద తర్వాత పేపర్ వచ్చింది. నా పేరు కృతజ్ఞతల్లో ఉంది. పీహెచ్‌డీ దరఖాస్తుల కోసం మా ఇద్దరికీ సిఫారసు ఉత్తరాలు ఇచ్చినప్పుడు వాటిని ప్రింట్ తీసే పని కూడా నాకే పడింది కాబట్టి రెండూ చదివాను. ఆ విద్యార్థి స్వతంత్రంగా ఆలోచించగలడట. నేను కష్టపడి పనిచేస్తానట. ఏ మాటా అబద్ధం కాదు. అందుకే దాని మీద ఫిర్యాదు చేయడానికి ఏ కమిటీ దగ్గరికీ పోలేం.

గైడ్ ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. తమిళనాడులో పందులు పెంచుకునే కులం నుంచి అంతదాకా వచ్చినవాడు. చనిపోయేనాటికి అతనికి గైడ్‌ను కేటాయించలేదు. రోహిత్ పేరు దేశమంతా తెలుసు, తెలియాలి కూడా. సెంథిల్‌ను సైన్స్ విద్యార్థులమైన మనం ఇంకా ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ మా ప్రాజెక్టు దేని మీదో చెప్పలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పసిగట్టే సెన్సర్. టిన్ ఆక్సైడ్ మీద కాపర్ ఆక్సైడ్ కణాలు కూర్చోబెడితే రెండింటి మధ్య కరెంటుకు ఒక అడ్డుగోడ ఏర్పడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే కాపర్ ఆక్సైడ్ కాపర్ సల్ఫైడ్‌గా మారుతుంది. అది లోహంలా కరెంటును పోనిస్తుంది, గోడ కూలుతుంది, నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. మంచి గాలి తగిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఎంత చక్కటి కెమిస్ట్రీ! కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ గ్యాసే డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో మనవాళ్ల ఊపిరి తీస్తోంది. గాలి కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందని దిగినవాడు పైకి రాడు.

మా థీసిస్‌లో పరిచయ వాక్యాలు పాత వాటి నుంచి దింపినవి. హైడ్రోజన్ సల్ఫైడ్ పెట్రోలియం శుద్ధిలో, సహజవాయువు పరిశ్రమలో ప్రమాదకరం అని ఉంది. నేను అందులో మ్యాన్‌హోల్ అన్న మాట చేర్చాను. "ఇది సోషల్ వర్క్ థీసిస్ కాదు" అని కొట్టేశారు. పెట్రోలియం అని రాస్తే సైన్స్, మ్యాన్‌హోల్ అని రాస్తే సోషల్ వర్క్! ఈ తేడా ఏ సమీకరణంలోంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. సెన్సర్ వచ్చింది కాబట్టి దిగొచ్చు అనే వాదనకు మన పరిశోధన పనికిరాకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరమని 2013 చట్టం చెప్తోంది. చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు పెరిగింది, దించడం ఆగలేదు. బెజవాడ విల్సన్ ఏళ్ల తరబడి అడుగుతున్నది మనిషి దిగని వ్యవస్థను. మరి ఆ వ్యవస్థకు కావాల్సిన తుప్పుపట్టని పైపులు, పూతలు, పరికరాలు ఎవరు తయారుచేస్తారు? అవన్నీ ఈ సబ్జెక్టు పనులే. ప్రశ్న అడిగేవాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నదాన్నిబట్టి ప్రశ్న మారుతుంది. 2025 నోబెల్ పంచుకున్న ఒమర్ యాగీ పాలస్తీనా శరణార్థుల బిడ్డ. జోర్డాన్‌లో, ఇంటికి నల్లా లేని చోట పెరిగినవాడు. ఆయన బృందం తయారుచేసిన పదార్థం ఎడారి గాలిలోంచి నీళ్లు పిండుతుంది. మనకూ అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. అడిగేచోటికి పోనివ్వడం లేదు.

పోనివ్వకపోవడానికి చట్టం కూడా సాయం చేసింది. ఉన్నత విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్ కోసం 2006లో కేంద్రం తెచ్చిన చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. ఈ చట్టం వర్తించని సంస్థల జాబితా అది. అందులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఉంది. మెటీరియల్స్ సైన్స్‌కు దేశంలోనే పేరున్న బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ కూడా ఉంది. అధ్యాపక పోస్టుల మీద 2019లో వచ్చిన చట్టంలోనూ ఇదే మినహాయింపు. శ్రేష్ఠతకు రిజర్వేషన్ అడ్డు అని పార్లమెంటు సాక్షిగా రాసిపెట్టుకున్నారన్నమాట. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో "నీకెందుకులే" అన్న మాటకూ ఈ షెడ్యూలుకూ భాషలోనే తేడా.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటలతో వదిలేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. తెలంగాణలో రీయింబర్స్‌మెంట్ బకాయిల గొడవ ఏటా చూస్తున్నదే. వీటి మీద మన సంఘాలు మాట్లాడుతున్నాయి. మాట్లాడనిది ప్రాజెక్టు ఖర్చు గురించి. ట్యూషన్ ఫీజు కట్టినా, శాంపిల్‌ను బయటి పరికరంలో చూపించుకోవడానికి విద్యార్థి జేబులోంచి పోయే డబ్బు ఏ స్కాలర్‌షిప్‌లోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 సబ్‌ప్లాన్ చట్టం ఉంది, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధుల్లోంచి ఎస్సీ, ఎస్టీ సైన్స్ పీజీ విద్యార్థుల ప్రాజెక్టు ఖర్చు భరించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

డబ్బు అవసరం లేని పనులు కూడా ఉన్నాయి. ఏ ప్రొఫెసర్ దగ్గర ఎన్ని ప్రాజెక్టు సీట్లున్నాయో నోటీసు బోర్డు మీద పెట్టాలి. విద్యార్థులు ఇష్టాలు రాసివ్వాలి, పోటీ పడితే అందరి ముందు చీటీ తియ్యాలి. చీటీ తీస్తే మెరిట్ చచ్చిపోతుందని ఎవరో ఒకరు లేస్తారు. ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాజెక్టుకు ముందే మెరిట్ తేలిపోతే ఇక ప్రాజెక్టు ఎందుకు? పరికరాల బుకింగ్ పుస్తకం అందరికీ కనబడాలి. శాంపిల్ చేసినవాళ్లు పరీక్ష సమయంలో పక్కన ఉండాలి, ఫైలు వాళ్ల చేతికే రావాలి. ఎస్సీ, ఎస్టీ సెల్ ఏడాదికి ఒకసారి ఆ పుస్తకం తెరిచి ఎవరు ఎన్ని గంటలు వాడారో చూస్తే చాలు, ఉపన్యాసాలు అక్కర్లేదు. మన విద్యార్థి సంఘాలు మెస్ మీద, హాస్టల్ మీద గట్టిగా కొట్లాడతాయి. ల్యాబ్ లోపలి సంగతి సైన్స్ వాళ్ల సొంత గొడవ అనుకుని వదిలేస్తాయి. సైన్స్ విద్యార్థులమైన మేం కూడా చెప్పుకోలేదు. ల్యాబ్‌లోంచి బయటికొచ్చే తీరిక ఉండదు, వచ్చినా సిఫారసు ఉత్తరం గుర్తొస్తుంది.

తమ్ముడు మెటీరియల్సే పెట్టుకున్నాడు, సీటు వచ్చింది. చేరిన రోజు మళ్లీ ఫోన్ చేసి ఏ పుస్తకం కొనాలని అడిగాడు. వెస్ట్ రాసిన సాలిడ్ స్టేట్ కెమిస్ట్రీ నా దగ్గరే ఉంది, పంపిస్తానన్నాను. ఎక్స్‌ఆర్‌డీ గది ఏ అంతస్తులో ఉందో, దాని లాగ్‌బుక్ ఎవరి టేబుల్ మీద ఉంటుందో ఈ వారమే చూసి రమ్మన్నాను. "ఇప్పుడే ఎందుకన్నా, ప్రాజెక్టు సెకండియర్ల గద" అన్నాడు. చూసి రా ముందు, అన్నాను.